నియంతను దించిన మిలటరీ మళ్ళా బ్యారక్స్‌కు ఎట్ల పోతది?

చిక్కడపల్లి చదువరి | ఆదివారం రాత్రి 10:42

అందరికీ నమస్తే. నేను గ్రూప్-1కి ప్రిపేర్ అయితున్న, పొద్దుగాల నుంచి రాత్రి దాకా చిక్కడపల్లి లైబ్రరీలనే ఉంట. ఇయ్యాల సాయంత్రం బయట చాయ్ బండి కాడ బంగ్లాదేశ్ ముచ్చట మొదలై గంటన్నర వాదన నడిచింది. మా దోస్తు ఒకడు (వాడు గూడ ఈడ మెంబరే, చూస్తే వాడే చెప్తడు) ఏమంటడంటే, 2024 ఆగస్టు 5న ఢాకాల సైన్యం జనం మీద కాల్చం అన్నది కాబట్టే హసీనా హెలికాప్టర్ ఎక్కింది, ఏ దేశంలనైనా నియంత దిగాలంటే మిలటరీయే దిక్కు, మనకు గూడ ఓ పదేండ్లు మిలటరీ రూల్ పెడితే అంతా సాఫ్ అయితది అని. మొదటి మాట నాకు కాదనబుద్ధి కాలే. రెండో మాటకు మనసు ఒప్పుకోలే కానీ గట్టి జవాబు దొరకలే, రూమ్‌కు వచ్చినంక గూడ అదే తిరుగుతున్నది తలకాయల.

నా డౌట్ ఏందంటే, సైన్యం చెయ్యి లేకుండ నియంత దిగిన దేశం అసలు ఉన్నదా? సైన్యమే దించితే ఆ సైన్యాన్ని మళ్ళా ఇంటికి పంపిందెవలు, ఎన్నేండ్లు పట్టింది? థియరీ వద్దు, దేశం పేరు పెట్టి చెప్పండి ప్లీజ్.

కోఠి లెక్చరర్ | ఆదివారం రాత్రి 11:20

మంచి ప్రశ్న అడిగావు బాబూ. మొదటిదానికి ఒక్క ముక్కలో చెప్తాను, సైన్యం ఏమీ చెయ్యకుండా కూర్చున్నా అదీ ఒక నిర్ణయమే. 1989 అక్టోబర్ 9న తూర్పు జర్మనీ లైప్‌జిగ్‌లో దాదాపు 70,000 మంది రోడ్డెక్కారు, బలగాలు సిద్ధంగా ఉన్నాయి, కాల్పులు జరగలేదు, ఇంకో నెలకి బెర్లిన్ గోడ పోయింది. ఆ రాత్రి తుపాకీ పేలి ఉంటే కథ వేరే ఉండేది.

రెండోదానికి పోర్చుగల్ తీసుకో, ఎందుకంటే మీ ఫ్రెండ్ వాదనకి అంతకంటే బలమైన ఉదాహరణ నాకు తెలిసి లేదు. నియంత సలజార్ 1932 నుంచి 1968 దాకా ప్రధాని, ఆయన తర్వాత కయటానో. 1961లో అంగోలాలో మొదలై, ఆఫ్రికాలో వాళ్ళ వలసలైన అంగోలా, గినీ, మొజాంబిక్ మూడు చోట్లకీ యుద్ధం పాకింది. ఏళ్ళ తరబడి అడవుల్లో తిరిగి తిరిగి వచ్చిన కెప్టెన్లకి ఒక విషయం అర్థమైపోయింది, ఇది గెలిచే యుద్ధం కాదు, దాన్ని ఆపే మనసు ప్రభుత్వానికి లేదు. జనరల్స్ కాదు చూడు, కెప్టెన్లు. వాళ్ళే 1974 ఏప్రిల్ 25న, అర్ధరాత్రి దాటాక రేడియోలో ఒక పాట వేయించి, అదే సిగ్నల్‌గా, ట్యాంకులతో లిస్బన్ లోకి వచ్చారు. సాయంత్రానికి కయటానో లొంగిపోయాడు. జనం తుపాకీ గొట్టాల్లో కార్నేషన్ పూలు పెట్టారు. ఆ రోజు నలుగురు చనిపోయారు, వాళ్ళని కాల్చింది సైన్యం కాదు, రహస్య పోలీసులు.

సరిగ్గా ఏడాదికి, 1975 ఏప్రిల్ 25న ఎన్నికలు పెట్టారు, 90 శాతం పైన ఓటేశారు. ఇంతవరకు అందరూ చెప్తారు. ఆ రెండేళ్ళలో ఆరు తాత్కాలిక ప్రభుత్వాలు మారాయని, సైన్యం తనలో తనే చీలిపోయి 1975 నవంబర్ 25న అంతర్యుద్ధం అంచుదాకా వెళ్ళిందని పెద్దగా చెప్పరు. 1976 రాజ్యాంగంలో కూడా సైనికాధికారులతో విప్లవ మండలి అని ఒకటి మిగిలింది, పార్లమెంటు చేసిన చట్టం రాజ్యాంగబద్ధమా కాదా అని తేల్చే అధికారం దానికి. దాన్ని తీసేసింది 1982లో. ఆ విప్లవం తర్వాత మొదటి పౌర అధ్యక్షుడు సోరెస్ వచ్చింది 1986లో. అంటే నిజాయితీగా దిగిపోదామనుకున్న సైన్యానికే రాజ్యాంగంలోంచి బయటికి రావడానికి ఎనిమిదేళ్ళు పట్టింది.

ఉప్పల్ దోస్తు | ఆదివారం రాత్రి 11:48

ఆ దోస్తును నేనే. మేడమ్ చెప్పింది చదివిన. మీరే అంటున్నరు గదా, కెప్టెన్లు వచ్చిన్రు, ఏడాదిల ఎన్నికలు పెట్టిన్రు, 90 శాతం ఓటేసిన్రు. మరి నేనన్నది తప్పెట్ల అయితది. నేను ఊరికె అనలేదు మేడమ్, మా నాయిన ఎకరంన్నర భూమి పాస్‌బుక్కుల పేరు తప్పు పడితే అది సరిచేయించనీకి రెండేండ్లు ఆఫీసు చుట్టు తిరిగిండు, పోయిన ప్రతిసారి ఇయ్యాల సార్ లేడు రేపు రా అన్నరు. గసుంటప్పుడు కడుపు మండి అనిపిస్తది, ఒక ఆర్డర్ మీద నడిచేటోళ్ళు ఆ కుర్చీల ఉంటే ఇట్లయితుండెనా అని. మా ఊర్ల ఎవల్ని అడిగినా ఇదే మాట.

బర్మా క్యాంప్ మనవరాలు | సోమవారం ఉదయం 6:35

ఉప్పల్ తమ్ముడూ, మీ నాన్నగారి బాధ నాకర్థమైంది, అందుకే కోపం లేకుండా రాస్తున్నాను.

మా తాతగారిది శ్రీకాకుళం దగ్గర పల్లె. రంగూన్ వెళ్ళారు, ముందు ధాన్యం మిల్లులో కూలీ, తర్వాత చిన్న కిరాణా కొట్టు. రంగూన్‌లో అప్పట్లో తెలుగువాళ్ళు ఎంతమందంటే రేవులో మూటలు మోసే దగ్గర తెలుగే వినిపించేదని మా మామ్మ చెప్పేది. 1962లో సేనాధిపతి నె విన్ అధికారంలోకి వచ్చాడు. అప్పుడు కూడా జనం ఇదే అన్నారంట, పార్టీలు కొట్టుకు చస్తున్నాయి, మిలటరీ వస్తే క్రమశిక్షణ వస్తాదని. 1964లో కొట్లు జాతీయం చేసేశారు, 50, 100 చాట్ల నోట్లు చెల్లవన్నారు. మా తాతగారు ఇరవై ఏళ్ళు కూడబెట్టింది అంతా ఆ నోట్లే. ఓడెక్కి వైజాగ్‌లో దిగారు, కంచరపాలెం బర్మా క్యాంప్‌లో మా నాన్నగారు పెరిగారు. మామ్మ దగ్గర ఒక బిస్కట్ డబ్బాలో ఆ 100 చాట్ల నోట్లు మొన్నమొన్నటి దాకా ఉండేవి, చెల్లవని తెలుసు, అయినా పారెయ్యలేదు. ఆ మిలటరీ ప్రభుత్వమే 1987లో మళ్ళీ నోట్లు రద్దు చేసి 45, 90 చాట్ల నోట్లు తెచ్చింది. అడిగేవాడు లేకపోతే పాలన అలాగుంటాది.

ఇక చదువరి అడిగిందానికి. 1990లో బర్మా మిలటరీ తనే ఎన్నికలు పెట్టింది. ప్రజాస్వామ్యం కోసం పోరాడుతున్న ఆంగ్ సాన్ సూకీ పార్టీకి 485లో 392 సీట్లు వచ్చాయి. అధికారం ఇవ్వలేదు. ఆ దెబ్బతో వాళ్ళు నేర్చుకున్నదేంటంటే ఓడిపోయినా నష్టం లేకుండా ముందే రాసి పెట్టుకోవాలని. 2008 రాజ్యాంగం అలా పుట్టింది. పార్లమెంటులో 25 శాతం సీట్లు యూనిఫామ్ వాళ్ళవి, రాజ్యాంగం మార్చాలంటే 75 శాతం కంటే ఎక్కువ ఓట్లు కావాలి, లెక్క మీరే వేసుకోండి. రక్షణ, హోమ్, సరిహద్దు వ్యవహారాలు మూడు శాఖల మంత్రుల్నీ సేనాధిపతే పంపిస్తాడు. విదేశీ పౌరసత్వం ఉన్న పిల్లలుంటే అధ్యక్ష పదవికి అనర్హులన్నారు, సూకీ కొడుకులు బ్రిటిష్ పౌరులు. 2015లో ఆవిడ గెలిచినప్పుడు మా ఇంట్లో స్వీట్లు పంచాం. మా నాన్నగారొక్కరే తినలేదు, పోలీసు ఎవరి చేతిలో ఉన్నాడో చూడండ్రా అన్నారు.

2020 నవంబర్‌లో ఆవిడ పార్టీ ఇంకా పెద్దగా గెలిచింది. 2021 ఫిబ్రవరి 1న కొత్త పార్లమెంటు కూర్చోవాలి. ఆ తెల్లారే సైన్యం ఆవిణ్ణి అరెస్టు చేసింది. పదేళ్ళ ప్రజాస్వామ్యం ఒక్క ఉదయంలో పోయింది, ఎందుకంటే తాళాలు ఎప్పుడూ వాళ్ళ దగ్గరే ఉన్నాయి.

తిరుమలగిరి సుబేదార్ (రిటైర్డ్) | సోమవారం ఉదయం 9:10

నేను 26 ఏండ్లు ఫౌజ్‌ల చేసిన. ఉప్పల్ తమ్మునికి ఒక మాట. ఆర్డర్ మీద నడుస్తరు అన్నవు, నిజమే, కానీ ఆర్డర్ ఎవలిస్తరు అన్నది నువ్వు అడగలే. సివిల్ ఏరియాల గొడవ అయితే మమ్మల్ని పిలిచేది మేజిస్ట్రేట్, మేమంత మేము పోయేది లేదు. పోయినంక గూడ ఎంత తక్కువ బలంతోని పని అయితదో గంతే వాడాలె అని ట్రైనింగ్‌ల మొదటి రోజు నుంచి నూరిపోస్తరు. వరదలల్ల పోయినం, పని అయినంక మళ్ళా బండ్లెక్కి వచ్చినం. కుర్చీల కూసోమని ఎవ్వరు చెప్పలే, కూసునుడు మాకు రాదు గూడ.

నువ్వు చెప్పిన పాస్‌బుక్ పని ఒక సుబేదార్‌కు ఇయ్యి. మొదటి నెల మంచిగనే చేస్తడు. రెండో నెల పక్క ఊరోడు వచ్చి నాది అన్యాయం అయింది అంటడు, వాడు ఎవలికి చెప్పుకోవాలె? కోర్టు లేదు, పేపరోడు రాయడు, ఎమ్మెల్యే లేడు. పెద్దాఫీసర్ దగ్గరికి పోవాలె, ఆ ఆఫీసర్‌కు గీ సుబేదార్ సొంత మనిషి. ఇగ అయిపాయె. ఇంకోటి, మిలటరీ రాజ్యం చేసిన దేశాలల్ల ముందుగాల చెడిపోయేది మిలటరీనే. ఎవనికి ప్రమోషన్ అంటే యుద్ధం తెలిసినోనికి కాదు, మంత్రికి దగ్గరున్నోనికి. మస్తు బాధ అయితది నాకు ఆ మాట అనుకుంటేనే.

ఢాకా సంగతి గూడ చెప్త. అక్కడి ఆర్మీ చీఫ్ హసీనాకు చుట్టమే. అయినా కాల్చం అన్నరంటే కారణం ఉంది. రోడ్ల మీద ఉన్నది వాళ్ళ పిల్లలే, వాళ్ళ కాలనీల పిల్లలే. ఒక్కరోజు ముందు, ఆగస్టు 4న, రిటైర్ అయిన పెద్దాఫీసర్లు, ఒక మాజీ చీఫ్‌తో సహా, ప్రెస్ ముందు కూసోని సైన్యాన్ని బ్యారక్స్‌కు పంపండి అన్నరు. జవాన్ మనసు గూడ లెక్కల ఉంటది. కానీ ఆ జులై, ఆగస్టులల్ల ఎంత మంది పోయిన్రో చూడు, ఐక్యరాజ్యసమితి లెక్కల 1,400 దాకా ఉండొచ్చన్నరు. సైన్యం కాపాడింది అనేముందు ఆగస్టు 5కు ముందటి మూడు వారాలు గూడ యాద్ పెట్టుకోవాలె.

టోలిచౌకి భాయ్ | సోమవారం మధ్యాహ్నం 1:25

సుబేదార్ సాబ్‌కు సలామ్. మా పెద్దన్న 2011ల కైరోల జాబ్ చేస్తుండె. ఈజిప్టు నియంత ముబారక్ దిగిన రోజు, ఫిబ్రవరి 11, తహ్రీర్ చౌక్ నుంచి ఫోన్ చేసిండు, జనం ట్యాంకుల మీదెక్కి సిపాయిలకు ముద్దులు పెడుతున్నరు, సైన్యం జనం ఒక్కటే చెయ్యి అని నినాదం, అన్న ఏడుస్తున్నడు సంతోషంతోని. 2012ల ప్రెసిడెంట్ ఎన్నికలల్ల మోర్సీ గెలిచిండు, సైన్యం పెద్ద ముసలి జనరల్ తంతావీని పంపించి తన మనిషి అనుకొని జనరల్ సిసీని ఆ జాగల తెచ్చి పెట్టుకున్నడు. ఏడాది తిరగలే, 2013 జులై 3న ఆ సిసీనే మోర్సీని లోపలేసిండు. ఆగస్టు 14న రాబియా చౌక్‌ల కూసున్న మోర్సీ మనుషుల మీద బలగాలు కాల్చినయి, ఒక్క రోజుల వందల మంది పోయిన్రు. అన్న ఆ నెలలనే సామాన్లన్నీ వదిలి వచ్చిండు.

ఈజిప్టుల మకరోనీ నుంచి సిమెంట్ దాకా సైన్యం ఫ్యాక్టరీలున్నయి. చీఫ్‌ను మార్చినంత మాత్రాన ఆ దుకాణం మూతపడదు గదా. నాకు అర్థమైంది ఇంతే.

పాతబస్తీ వకీల్ | సోమవారం రాత్రి 8:50

భాయ్ దుకాణం మాట ఎత్తిండు గనక నేను గూడ ఆడికెల్లే మొదలుపెడత. వకీల్‌ను, నాకు కాగితం మీద ఏముందో చూసుడు అలవాటు. నియంత దిగిండా లేదా అన్నది జనం చూస్తరు, దిగేటప్పుడు ఏ కాగితం మీద సంతకం అయింది అన్నది చూడాలె.

చిలీ తీసుకోండి. సైనిక నియంత పినోచే 1980ల తనే రాజ్యాంగం రాయించుకున్నడు, దాంట్లనే 1988ల రెఫరెండం ఉండె, ఇంకో ఎనిమిదేండ్లు నేనుండాల్నా వద్దా అని. అక్టోబర్ 5న 56 శాతం జనం వద్దన్నరు. ఆ రాత్రి అధికారులు లెక్కలు చెప్పుడు ఆలస్యం చేస్తుంటే వైమానిక దళాధిపతి మత్తయి ప్యాలెస్ లోపలికి పోయేముందు ప్రెస్ వాళ్ళతోని ‘వద్దు’ గెలిచింది అని చెప్పేసిండు. ఒక్క జనరల్ ఒక్క మాట. సైన్యంల అందరు ఒక్క తీరుగ ఉండరు, నియంతకు పక్కనోడే ముందు వదిలేస్తడు.

1990 మార్చ్‌ల ఎన్నికైన ప్రెసిడెంట్ వచ్చిండు. పినోచే ఏడికి పోయిండు? ఏడికి పోలే. 1998 దాకా ఆర్మీ చీఫ్ ఆయనే, ప్రెసిడెంట్‌కు తీసేసే అధికారం లేదు. ఆ తర్వాత జీవితకాలం సెనేటర్. సెనేట్‌ల ఎన్నిక లేకుండ నియమించిన సభ్యులు తొమ్మిది మంది. 1978ల తమ తప్పులకు తామే క్షమాభిక్ష రాసుకున్నరు. అన్నిటికన్నా పెద్దది రాగి. ప్రభుత్వ రాగి కంపెనీ ఎగుమతి చేసిన దాంట్ల 10 శాతం సీదా సైన్యానికి పోవాలె, పార్లమెంటు అడగొద్దు. నియమిత సెనేటర్లను, తీసెయ్యలేని చీఫ్‌లను 2005ల తీసేసిన్రు. రాగి చట్టం 2019ల పోయింది. రెఫరెండం ఓడిపోయిన 31 ఏండ్లకు!

అయితే నా అభిప్రాయం గూడ చెప్త, కొందరికి నచ్చకపోవచ్చు. ఆ కాగితాలు లేకుంటే పినోచే దిగేటోడా? నాకు నమ్మకం లేదు. ఏదో ఒకటి ఇచ్చే పంపాలె, తర్వాత ఒక్కొక్కటి వాపస్ గుంజుకోవాలె.

బర్మా క్యాంప్ మనవరాలు | సోమవారం రాత్రి 9:30

వకీల్ గారూ, పెద్దవారు, క్షమించండి, ఇది నేను ఒప్పుకోలేను. ఏదో ఒకటి ఇచ్చి పంపాలి అంటే ఇచ్చేది ఎవరి సొమ్ము? చచ్చిపోయినవాళ్ళ తల్లులు ఇచ్చారా ఆ క్షమాభిక్ష? నేను ఆదివారాలు బాలాపూర్‌లో, బర్మా నుంచి పారిపోయి వచ్చిన రొహింగ్యా ముస్లింల పిల్లలకి లెక్కలు చెప్తాను. 2017లో సైన్యం దాడులకి వాళ్ళలో 7 లక్షల పైన జనం బంగ్లాదేశ్‌లోకి పారిపోయారు, ఆ ఏడాది బర్మాలో ఉన్నది ఎన్నికైన ప్రభుత్వమే. సైన్యంతో పొత్తు చెడకూడదని సూకీ నోరెత్తలేదు, పైగా 2019 డిసెంబర్‌లో హేగ్‌లోని అంతర్జాతీయ కోర్టుకి స్వయంగా వెళ్ళి సైన్యం తరఫున మాట్లాడింది. మేము స్వీట్లు పంచింది ఆవిడ గెలిచిందనే. మీరన్న బేరం ఖరీదు అది. ఇంత ఇచ్చినా చివరికి ఆవిణ్ణీ వదల్లేదు కదా.

కోఠి లెక్చరర్ | సోమవారం రాత్రి 10:15

అమ్మా, నీ కోపం న్యాయమైనదే. ఇద్దరి మాటల మధ్యలో అర్జెంటీనా ఉంది, అది చెప్తాను. అక్కడ సైన్యం ఓడిపోయి దిగింది, 1982లో బ్రిటన్‌తో ఫాక్లాండ్స్ యుద్ధం ఓడిపోయాక బేరమాడే మొహం వాళ్ళకి లేకపోయింది. 1983లో అధ్యక్షుడిగా గెలిచిన అల్ఫోన్సిన్ సైనిక పాలకుల్ని మామూలు కోర్టులో నిలబెట్టాడు. 1985లో 833 మంది సాక్ష్యం చెప్పారు, సైనిక పాలకుల్లో మొదటివాడు విడేలాకి యావజ్జీవం పడింది. అప్పట్లో అక్కడ అలాంటిది ఎవరూ ఊహించలేదు. కానీ విచారణ కింది ఆఫీసర్ల దాకా వచ్చేసరికి 1987 ఈస్టర్ రోజుల్లో మొహాలకి రంగు పూసుకున్న దళాలు తిరగబడ్డాయి, ఆయన వెనక్కి తగ్గి, పైవాళ్ళ ఆజ్ఞ పాటించినవాళ్ళ మీద కేసులుండవని చట్టం చేశాడు. తర్వాత వచ్చిన మెనెమ్ విడేలాని కూడా వదిలేశాడు. మళ్ళీ 2003లో పార్లమెంటు, 2005లో సుప్రీంకోర్టు ఆ చట్టాలు కొట్టేశాయి. విడేలా 2013లో జైల్లోనే చచ్చిపోయాడు. ముప్పై ఏళ్ళు రాజధానిలోని ప్లాజా డి మాయో చౌరస్తాలో, సైన్యం మాయం చేసిన పిల్లల తల్లులు తెల్ల రుమాళ్ళు కట్టుకుని తిరుగుతూనే ఉన్నారు, వాళ్ళు ఇంటికి పోయి ఉంటే ఆ ఫైలు ఎవరూ తెరిచేవారు కాదు. వకీల్ గారు వాపస్ గుంజుకోవాలి అన్నారే, గుంజేవాళ్ళు వీళ్ళే.

సువాన్ నుంచి కూకట్‌పల్లి | సోమవారం రాత్రి 11:05

నేను కొరియాలో నాలుగేళ్ళు పని చేసి ఈ మధ్యే వచ్చా. 2024 డిసెంబర్ 3 రాత్రి అక్కడే ఉన్నా. పదిన్నర అవుతుంటే ప్రెసిడెంట్ యూన్ టీవీలో మార్షల్ లా అన్నాడు, మా ఆఫీస్ గ్రూప్‌లో మొదట అందరూ ఫేక్ వీడియో అనుకున్నారు. తర్వాత హెలికాప్టర్లలో సైనికులు పార్లమెంటు దగ్గర దిగడం లైవ్‌లో చూశాం, ఎంపీలు గోడ దూకి లోపలికి వెళ్తున్నారు, స్టాఫ్ సోఫాలు అడ్డం పెట్టి ఫైర్ ఎక్స్‌టింగ్విషర్లు కొడుతున్నారు. రాత్రి ఒంటిగంటకి 190 మంది ఎంపీలు ఓటేసి మార్షల్ లా చెల్లదన్నారు, 190కి 190. సైనికులు వెనక్కి వెళ్ళిపోయారు. ఎంపీల్ని బయటికి లాగమని ప్రెసిడెంటే చెప్పాడని, తాను చెయ్యలేదని స్పెషల్ ఫోర్సెస్ కమాండర్ తర్వాత చెప్పాడు. 2025 ఏప్రిల్ 4న యూన్ పదవి పోయింది.

నా పక్క సీటాయనకి అరవై దగ్గర, ఆ రాత్రి ఫోన్ చేస్తే గొంతు వణుకుతోంది, గ్వాంగ్‌జూ అన్నాడు, ఇంకేం మాట్లాడలేకపోయాడు. 1980 మేలో సైనిక పాలకుడు జనరల్ చున్ డూ హ్వాన్ పంపిన సైన్యం ఆ ఊళ్ళో వందల మందిని చంపింది. 1987లో జనం మొత్తం రోడ్డెక్కాక సైన్యం ఎన్నికలకి ఒప్పుకుంది, కానీ ప్రతిపక్షంలో ఇద్దరు కిమ్‌లు విడివిడిగా నిలబడటంతో 36 శాతంతో చున్ స్నేహితుడు, ఇంకో జనరల్, రో టే వూ గెలిచేశాడు. అసలు పని 1993లో జరిగింది. కిమ్ యంగ్ సామ్ ప్రెసిడెంట్‌గా పదవిలోకొచ్చిన రెండు వారాల్లోనే ఆర్మీ చీఫ్‌ని మార్చాడు, హనహ్వే అని సైన్యంలో ఒక రహస్య ముఠా ఉండేది, ఆ ముఠావాళ్ళని ఒక్కొక్కళ్ళనీ ఏరేశాడు. ముందు మనుషుల్ని మార్చి, తర్వాత 1996లో చున్‌నీ రోనీ కోర్టుకెక్కించారు. చున్‌కి ఉరిశిక్ష. 1997 చివర్లో క్షమాభిక్ష పెట్టినప్పుడు దానికి ఒప్పుకున్నవాళ్ళలో అప్పుడే ప్రెసిడెంట్‌గా గెలిచిన కిమ్ డే జంగ్ ఉన్నాడు, 1980లో చున్ ప్రభుత్వం ఉరిశిక్ష వేసింది ఆయనకే. అక్కా, క్షమించడం వేరే సంగతి కానీ ముందు కోర్టు దోషి అని చెప్పింది, అది తేడా అనిపిస్తుంది నాకు.

ఉప్పల్ దోస్తు | మంగళవారం ఉదయం 7:55

రాత్రంతా చదివిన. సుబేదార్ సాబ్ చెప్పిన పక్క ఊరోని మాట నాకు తగిలింది, ఆ రెండో మనిషిని నేను ఎప్పుడు ఆలోచించలే. పదేండ్ల మాట నేను వాపస్ తీసుకుంటున్న. కానీ ఒకటి మాత్రం అడుగుత. మన హైదరాబాద్‌నే చూడండి. నిజాం దిగింది మిలటరీతోనే గదా, మిలటరీ గవర్నర్ గూడ ఉండె, తర్వాత ఎన్నికలు అయినయి. మరి మనకాడ బర్మా తీరు ఎందుకు కాలే?

పాతబస్తీ వకీల్ | మంగళవారం రాత్రి 9:20

బేటా, కోర్టు నుంచి వచ్చి సీదా దీనికే కూసున్న, ఇది మా నాయిన దగ్గర చిన్నప్పటి నుంచి విన్న కథ.

1948 సెప్టెంబర్ 13న సైన్యం వచ్చె, 17న నిజాం లొంగిపోయె. మా దిక్కు దాన్ని ఇప్పటికీ పోలీస్ యాక్షన్ అనే అంటరు, వచ్చింది మాత్రం ట్యాంకులే. మేజర్ జనరల్ చౌదరి మిలటరీ గవర్నర్, 1949 ఆఖరు దాకా. జాగీర్ల రద్దు ఆయన హయాంలనే, 1949ల, ఒక్క రెగ్యులేషన్ మీద, అసెంబ్లీ లేదు చర్చ లేదు. నీలెక్క ఆలోచించెటోళ్ళకు అది మంచిగనే కనిపిస్తది. అయితే అదే సమయంల మరాఠ్వాడ దిక్కు, కర్ణాటక దిక్కు ఊర్లల్ల ముస్లింలను ఎంత మందిని చంపిన్రో ఢిల్లీ సర్కారు పంపిన సుందర్‌లాల్ కమిటీ రాసింది, తక్కువల తక్కువ 27,000 అని. ఆ రిపోర్టు దశాబ్దాల దాకా బయటికి రాలే. ఎందుకు రాలే అంటే అప్పుడు అడగనీకి ఈడ ఎన్నికైన సభే లేదు. నల్లగొండ, వరంగల్ ఊర్లల్ల 1951 దాకా కమ్యూనిస్టులను పట్టనీకి పెట్టిన క్యాంపులు నడిచినయి, ఆ క్యాంపులల్ల దెబ్బలు తిన్నోళ్ళను నా చిన్నప్పుడు చూసిన.

మరి బర్మా ఎందుకు కాలే అంటే, వచ్చిన సైన్యం హైదరాబాద్‌ది కాదు. దాని జీతం, దాని ప్రమోషన్, దాని హుకుం అన్నీ ఢిల్లీల ఉండె, ఢిల్లీల పౌర ప్రభుత్వం ఉండె. పదిహేను నెలలల్ల వెళ్లోడి అనే ఐసీఎస్ ఆఫీసర్‌కు అప్పజెప్పి చౌదరి పోయిండు, తర్వాత ఆయన దేశానికి ఆర్మీ చీఫ్ అయిండు కానీ ఈడ భూమి, ఫ్యాక్టరీ, సీటు ఏదీ రాసుకోలే. కాగితం బేరం నిజాంతోని అయింది, ఏటా 50 లక్షల రాజభరణం, 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్, అంటే గవర్నర్ లాంటి హోదా. బర్మా బిడ్డా, ఇది నీకు గూడ కోపం తెప్పించే బేరమే, నేను కాదన. కానీ ఆ హోదాకు తుపాకీ లేదు.

1952ల ఎన్నికలైనయి, బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి. కమ్యూనిస్టు పార్టీ మీద బ్యాన్ ఉంటే పీడీఎఫ్ (పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్) పేరు మీద నిలబడ్డరు. మూడు నాలుగేండ్లు ఎవల కోసమైతే సైన్యం ఊర్లు గాలించిందో వాళ్ళే ఓట్లతోని గెలిచి సభల కూసున్నరు, నల్లగొండ నుంచి రావి నారాయణరెడ్డి మెజారిటీ దేశమంతా చెప్పుకున్నరు. ఆ ఏడాది సెప్టెంబర్‌లనే ముల్కీ గొడవ, బయటి నుంచి తెచ్చిన ఆఫీసర్లు మాకొద్దని పోరగాండ్లు రోడ్డెక్కితే సిటీ కాలేజీ కాడ కాల్పులైనయి. ఆ ఆఫీసర్లు చానామంది వచ్చింది మిలటరీ గవర్నర్ కాలం నుంచే. సైన్యం పోయినా అది పెట్టిపోయిన ఏర్పాటు మిగులుతది అనేటందుకు మన ఊర్లనే సాక్ష్యం ఉన్నది.

తిరుమలగిరి సుబేదార్ (రిటైర్డ్) | మంగళవారం రాత్రి 10:00

వకీల్ సాబ్ చెప్పిన దానికి ఒకటి కలుపుత. ఢిల్లీల పౌర ప్రభుత్వం ఉండె అంటే ఊరికె ఉండలే, దాన్ని గట్టిగ చేసుకున్నరు. బ్రిటిష్ కాలంల కమాండర్-ఇన్-చీఫ్ ఉండే బంగళాను, గదే తీన్‌మూర్తి, ప్రధానికి ఇచ్చిన్రు. 1955ల ఆ కమాండర్-ఇన్-చీఫ్ పదవినే తీసేసి మూడు దళాలకు ముగ్గురు చీఫ్‌లను సమానంగ పెట్టిన్రు. మా లైన్లల్ల పాత ఉస్తాద్‌లు దీన్ని తక్కువ చేసిన్రు అని చెప్పుకునేటోళ్ళు. నేను అట్ల అనుకోలే, ఇప్పుడు గూడ అనుకోను.

కోఠి లెక్చరర్ | మంగళవారం రాత్రి 10:35

చదువరీ, నోట్స్ రాసుకుంటుంటే ఇండోనేషియా మర్చిపోకు, మెల్లగా తగ్గించిన దేశం అది. సైనిక నియంత సుహార్తో కాలంలో సైన్యానికి రెండు పనులు, దేశ రక్షణ ఒకటి, రాజకీయం ఒకటి, అదే వాళ్ళ సిద్ధాంతం. పార్లమెంటులో సైన్యానికి 100 సీట్లు ఉండేవి, 75 అయ్యాయి, 1998లో సుహార్తో దిగిపోయాక 38, 2004కి సున్నా. పోలీసుని సైన్యం నుంచి విడదీశారు. చాలామంది ఇది పూర్తయిన కథ అనుకున్నారు. 1998లో సైన్యం నుంచి తీసేసిన జనరల్ ప్రబోవో 2024లో ఎన్నికల్లో గెలిచి అధ్యక్షుడయ్యాడు, 2025 మార్చిలో చట్టం మార్చి సర్వీసులో ఉన్న సైనికాధికారులు కూర్చోగల పౌర సంస్థల్ని 10 నుంచి 14కి పెంచారు. విద్యార్థులు మళ్ళీ రోడ్డెక్కారు. అప్పటికి సుహార్తో దిగి 27 ఏళ్ళు, ఇంకా నడుస్తూనే ఉంది.

చిక్కడపల్లి చదువరి | మంగళవారం రాత్రి 11:10

అందరికీ చేతులెత్తి దండం. నా ప్రశ్ననే సరిగ లేదని ఇప్పుడు అర్థమైంది. దించిందెవలు అని అడిగిన, పోలీసు ఎవని కింద ఉన్నడు, చీఫ్‌ను తీసేసే సంతకం ఎవనిది, పైసలు ఏడికెల్లి వస్తయి అని అడగాల్సి ఉండె. రేపు చాయ్ బండి కాడ ఉప్పల్‌గానికి చాయ్ నాదే.

వకీల్ సర్, ఒక్కటి. మీ నాయిన 1952ల ఓటేసిండా? ఎవలికేసిండు?

పాతబస్తీ వకీల్ | మంగళవారం రాత్రి 11:25

ఏసిండు బేటా. అప్పుడు ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె ఉంటుండె, పెట్టె మీద గుర్తు. లోపల పర్దా వెనక్కి పోయి నచ్చిన పెట్టెల కాగితం వేసి రావాలె. పర్దా ఇవతల పోలీసోడు నిలబడ్డడు, రెండేండ్ల కింద అదే పోలీసోడు మా నాయినను క్యాంపుకు పట్టుకపోయిండంట. ఎవలికేసినవ్ అని మేం ఎన్నిసార్లు అడిగినా చెప్పలే, పోలీసోడు పర్దా లోపలికి తొంగి చూడలే అని మాత్రం చెప్పేటోడు.